గోటితో పోవునదా? గొడ్డలి కావలయునా?

మా అమ్మగారి చిన్ననాట పామిడిముక్కల ప్రాంతమున ఆడపిల్లను అత్తవారింటికి సాగనంపుట యనగా కాలువమీద పడవ ప్రయాణమే. సారె బుట్టలు, చలిమిడి, ఒక ట్రంకుపెట్టె, తోడుగా ఒక మేనత్త, ఇంతే సరంజామా. లాకుల కడ నీరు సరియై తలుపులు తెరచువరకు పడవ ఆగవలసి వచ్చెడిదనియు, అంతసేపును పెండ్లికూతురు కన్నీరు తుడుచుకొనుచునే కూర్చుండెడిదనియు ఆమె చెప్పుచుండెడివారు. మా అమ్మాయికిని అట్టి లాకే యొకటి యెదురైనది. భేదమేమన, ఈ లాకు సముద్రమునకు ఆవల నున్నది. ఎంతసేపు ఆగవలెనో చెప్పుటకు లస్కరు లేడు. ఆ తలుపులు తెరచుకొనుటకు కావలసినవి కాగితములు.

2024వ సంవత్సరము మాఘమాసమున మా అమ్మాయి వివాహము జరిగినది. వరుడు గుడివాడ వైపు వారి పిల్లవాడు. చిన్నతనముననే తల్లిదండ్రులతో అమెరికాకు పోయి, అచ్చటనే చదివి, అచ్చటి పౌరుడైనవాడు. పెండ్లియైన పదునారవ నాడు అతడు ఉద్యోగమునకు తిరిగి పోవలసి వచ్చెను. అమ్మాయి మాయింటనే నిలిచిపోయెను. భార్యను పిలిపించుకొనుటకు పెట్టవలసిన దరఖాస్తులకు వకీలును కుదుర్చుకొనవలెనా, అక్కరలేదా? ఈ యొక్క ప్రశ్నమీద మా రెండు కుటుంబములలోను నాలుగు మాసములకు పైగా చర్చ జరిగినది. ఆ చర్చలో మేము తెలిసికొన్న సంగతులును, చేయబోయి తప్పించుకొన్న పొరపాటును మాబోటి తల్లులకు ఉపకరించునని వ్రాయుచున్నాము.

సముద్రమునకు ఈవల స్త్రీలు వేచియుండుట మన ఆంధ్రదేశమునకు క్రొత్త కాదు. మహా శాస్త్రజ్ఞులైన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920ల తొలి యేండ్లలో పై చదువులకై బోస్టనునకు పోయిరి. వారి భార్య శేషగిరిగారు ఈ దేశమునందే యుండిపోయిరి. 1948లో ఆయన న్యూయార్కులో కాలధర్మము నొందువరకు ఆ దంపతులు మరల కలిసికొననే లేదు. దీనికి కారణములు అనేకములుండవచ్చును. కాని ఆనాటి చట్టములు మాత్రము మనవారికి ఎంతమాత్రము అనుకూలములు కావు. 1917లో అమెరికా శాసనసభ మన దేశమును నిషిద్ధ మండలమున చేర్చినది. 1923లో భగత్‌సింగ్ థిండ్ వ్యాజ్యమున అచ్చటి సుప్రీంకోర్టు హిందూదేశీయులు పౌరసత్వమునకు అర్హులు కారని తీర్పు చెప్పినది. అంతటితో పోలేదు. 1922 నాటి కేబుల్ చట్టము ననుసరించి, పౌరసత్వమునకు అర్హత లేని విదేశీయుని పెండ్లాడిన అమెరికా స్త్రీ తన పౌరసత్వమునే పోగొట్టుకొనెడిది. మనవారిని పెండ్లాడిన దొరసానులు కొందరు ఆ విధముగా పుట్టిన దేశముననే పరాయివారైరి. 1931లో గాని ఆ నిబంధన తొలగలేదు. 1946 నాటి లూస్–సెల్లర్ చట్టము మనవారికి పౌరసత్వపు హక్కునిచ్చి, ఏటికి నూరుగురికి మాత్రము ద్వారము తెరచినది. 1965లో చట్టము మారిన పిమ్మటనే మన వైద్యులును, ఇంజనీర్లును పెద్ద సంఖ్యలో పోజొచ్చిరి. 1977లో ఏర్పడిన తానా సభకు తొలి అధ్యక్షులైన డాక్టరు కాకర్ల సుబ్బారావుగారు మాకు పొరుగున నున్న పెదముత్తేవిలో పుట్టినవారే. ఆ దారిన నేడు మా మండలమున వీధికి ఒకరిద్దరైనను పోయియున్నారు.

ఇక నేటి పద్ధతి. భర్త అమెరికా పౌరుడైనచో భార్యకు ఏటేటి సంఖ్యా పరిమితి లేదు. భర్త గ్రీన్‌కార్డు మాత్రమే కలవాడైనచో పరిమితి కలదు, వరుస కూడ కలదు. సంబంధము చూచునప్పుడే తలిదండ్రులు ఈ భేదము నడిగి తెలిసికొనవలెను. మొదట భర్త ఐ-130 అను పిటిషను పెట్టవలెను. అది ఆమోదింపబడిన మీదట కాగితములు నేషనల్ వీసా సెంటరునకు పోవును. అచ్చట భార్య డి.ఎస్.-260 అను దరఖాస్తు నింపవలెను. భర్త ఐ-864 అను పోషణ పత్రముమీద సంతకము చేయవలెను. అనగా తన ఆదాయము అచ్చటి ప్రభుత్వము నిర్ణయించిన దారిద్ర్యపు కొలతకు నూటికి 125 వంతులకు తక్కువ గాకుండ చూపి, భార్య పోషణకు పూచీ వహించుట. పిదప పోలీసు ధ్రువపత్రము, వైద్యపరీక్ష, తుదకు ముంబాయిలోని కాన్సులేటున ముఖాముఖి.

ఖర్చు సంగతి. 2024 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన రేటు ప్రకారము ఐ-130 కాగితముమీద పంపిన 675 డాలర్లు, ఆన్‌లైనులో పెట్టిన 625. వీసా దరఖాస్తుకు 325, పోషణ పత్రమునకు 120, వీసా వచ్చిన మీదట గ్రీన్‌కార్డు తయారీకి 235. ఆన్‌లైను లెక్కన మొత్తము 1,305 డాలర్లు, అనగా లక్ష రూపాయలకు పైమాటే. ఇది ఎవరికిని తప్పనిది. వకీలు రుసుము దీనికి అదనము. మా అల్లుడు విచారించిన వకీలొకరు మూడువేల డాలర్లు కావలెననిరి. రెండున్నర లక్షలు! మాకున్న చెరకు తోటమీద ఒక యేడు ఖర్చులు పోను చేతికి మిగులునంత సొమ్ము.

వియ్యంకులు వకీలును పెట్టుటయే మంచిదనిరి. "మాకు తెలియని దేశం కాదు గానీ, తెలియని చట్టం బావగారూ" అని వారి వాదము. మావారు ససేమిరా యనిరి. "గోటితో పోయేదానికి గొడ్డలెందుకండీ? ఫారాలు ఊరకే ఇస్తారు. పిల్ల బి.టెక్. చదివింది. నింపుకోలేదా?" అనిరి. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. ప్రభుత్వపు ఫారములకు వెల లేదు. ఏ ఫారముతో నేమేమి జతపరుపవలెనో ప్రభుత్వపు వెబ్‌సైటుననే విశదముగ వ్రాసియున్నారు. వకీలు ద్వారా పోయిన దరఖాస్తు వరుసలో ముందుకు జరుగదు. ఈ సంగతి మేము స్పష్టముగ చెప్పదలచినాము. ఏలయన, వకీలును పెట్టిన త్వరగా వచ్చునని మా యూరిలో చాలమంది భ్రమ.

సరే, కాగితములు కూర్చుటకు పూనుకొంటిమి. వానిలో చిక్కులన్నియు మన యింటివే గాని అమెరికావి కావు. అమ్మాయి పుట్టుక 1997లో నమోదైనది గాని పేరు చేర్చలేదు. ఆ రోజులలో బారసాల చేసితిమే గాని కచేరికి పోయి పేరు వ్రాయించవలెనని ఎవరికి తోచినది? 1969 నాటి జనన మరణముల నమోదు చట్టమున పేరు తరువాత చేర్చుటకు 14వ సెక్షను కలదని తెలిసి, మూడు మారులు తిరిగి చేర్పించితిమి. పదవ తరగతి పత్రమున ఇంటిపేరు ఒక్క అక్షరముగా నున్నది. పాస్‌పోర్టున పూర్తిగా నున్నది. మన తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందో వెనుకో తెలియక తికమకపడువారు కోకొల్లలు. ఇద్దరును ఒక్కరేయని ప్రమాణపత్రము వ్రాయించితిమి. హిందూ వివాహ చట్టము క్రింద సబ్‌రిజిస్ట్రారు కచేరిలో వివాహము నమోదు చేయించితిమి. లగ్నపత్రిక, తలంబ్రాల ఫొటోలు, బంతి భోజనముల ఫొటోలు, అల్లుని విమానపు టిక్కెట్లు అన్నియు ఒక అట్టపెట్టెలో పెట్టితిమి. ఊరివారందరును వచ్చి అక్షతలు వేసిన పెండ్లికి సాక్ష్యము చూపుమనుట మొదట మాకు చిన్నతనముగా తోచెను. కాని పౌరసత్వము కొరకు బొంకు పెండ్లిండ్లు చేసికొనువారు లోకమున నున్నపుడు నిజమైన పెండ్లివారు కూడ ఋజువు చూపక తప్పదు గదా.

ఈ పని యంతయు చేయుటకు వకీలక్కరలేదు. ఓపిక కావలెను, అంతే. మావారి మాటయే గెలుచునట్లు కనబడెను. అట్లుండగా ఒకనాడు పాత కాగితములకై అటకమీది ట్రంకుపెట్టె దించితిమి. 2019లో మా అమ్మాయి ఎం.ఎస్. చదువుటకై విద్యార్థి వీసా కోరి హైదరాబాదులో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌కు పోయినది. అప్పట్లో కాన్సులేటు అచ్చటనే యుండెడిది. 2023లో నానక్‌రామ్‌గూడకు మారినది. ఆ వీసా రాలేదు. ఆనాటి ఫైలు విప్పి చూచుచుండగా, అడుగున ఒక ఉత్తరము కనబడెను. హైదరాబాదు వాస్తవ్యుడైన యొక పెద్దమనిషి తాను అమ్మాయికి స్వయముగా మేనమామననియు, తనకు బ్యాంకిలో ఎనుబది లక్షలున్నవనియు, చదువు ఖర్చు తానే భరింతుననియు వ్రాసి, బ్యాంకి ముద్రతో కూడ జతపరచిన ఉత్తరమది.

మాకు తోడబుట్టినవాడు ఒక్కడే. వానికున్నది మూడెకరముల పొలము. మేము కన్నడెరుగని తమ్ముడొకడు ఆ కాగితమున పుట్టియుండెను!

సాయంకాలము మావారు పొలమునుండి వచ్చినంతనే ఆ కాగితము వారి ముందు పెట్టితిమి. వారు చాలసేపు మాటాడలేదు. కాళ్లు కడుగుకొనలేదు. అటుపిమ్మట, "కన్సల్టెన్సీ వాళ్లు ఫైలు బలంగా ఉండాలన్నారు. పదిహేను వేలు పుచ్చుకున్నారు. అందరూ ఇలాగే చేస్తున్నారన్నారు. నీతో చెప్తే ఒప్పుకోవని చెప్పలేదు" అనిరి. కొంత యాగి, తల వంచుకొని, "వకీలైతే పాత సంగతులన్నీ అడుగుతాడు కదా. అందుకే వద్దన్నాను" అనిరి. మేమింతకాలము వారి పట్టుదలను పొదుపరితన మనుకొనుచుంటిమి. అది పొదుపు కాదు, భయము. ఐదేండ్లుగా ఆ భయమును ఒంటరిగా మోయుచుండిరి.

ఆ రాత్రి మా యింట ఎవరును సరిగా అన్నము తినలేదు. మరునాడు మావారు విజయవాడలో ఇంకొక కన్సల్టెన్సీకి పోయి విచారించి వచ్చిరి. అచ్చటివారు, "పాత వీసా సంగతి ఎత్తనే ఎత్తకండి. 'ఎప్పుడైనా నిరాకరించారా' అని అడిగితే లేదని పెట్టేయండి. ఎవరు చూస్తారు?" అనిరట. మావారికి ఆ సలహా కొంత ఊరట యిచ్చినది. మాకు మాత్రము గుండె జారినది. 2019లో అమ్మాయి వ్రేలిముద్రలు తీసికొన్నవారే రేపు మరల తీసికొందురు. వారు మరచిపోవుదురా?

బందరులో మా పుట్టింటి వరుసను పెదనాన్నగారు కలరు. జిల్లా కోర్టులో నలువది యేండ్లు ప్లీడరీ చేసి విశ్రాంతి తీసికొన్నవారు. ఆయన కడకు పోయి అంతయు చెప్పితిమి. ఆయన నవ్వి, "అమ్మాయీ, నేను బందరు వకీలునే గానీ అమెరికా వకీల్ని కాను. ఆ చట్టం మీద నా మాట చెల్లదు. ఒక్కటి మాత్రం ఏ దేశానికైనా చెల్లుతుంది. వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా దాపరికం పనికిరాదు. దాచమని చెప్పేవాడు వకీలు కాడు. ఇప్పుడు మీకు ఫారాలు నింపేవాడు కాదు కావలసింది, మీరు చేసింది తప్పో, ఏ పాటి తప్పో చెప్పేవాడు" అనిరి.

ఆ మాటతో మా చర్చ మలుపు తిరిగినది. అంతవరకు మేము వకీలు కావలెనా వద్దా యని తర్కించితిమే గాని, వకీలు దేనికి కావలెనని ఆలోచింపలేదు.

అల్లునితో నెవరు చెప్పవలెను? మావారు వణికిపోయిరి. వియ్యాలవారి ముందు తల యెత్తుకొనుటెట్లు? తుదకు అమ్మాయియే ధైర్యము చేసి, ఫోనులో భర్తతో అంతయు చెప్పినది. అతడు కొంతసేపు మౌనముగ నుండి, తరువాత మావారిని పిలిచి, "మావయ్యగారూ, మీరు పిల్ల చదువు కోసమే చేశారు. కానీ ఇప్పుడు నేను సంతకం పెట్టే కాగితంలో అబద్ధం ఉండకూడదు. ఆ సంగతి ఒక్కటీ అడగడానికి వకీలుతో గంటసేపు మాట్లాడదాం" అనెను. మావారి కండ్లు చెమ్మగిల్లినవి. అల్లుడు చిన్నవాడైనను ఆనాడు పెద్దరికము అతనిదే.

గంటకు 250 డాలర్లు పుచ్చుకొని ఒక లాయరమ్మ అమ్మాయితోను అల్లునితోను వీడియోలో మాటాడిరి. మేము ప్రక్కన కూర్చుండి వింటిమి. ఆమె మూడు ప్రశ్నలు వేసిరి. మొదటిది: విద్యార్థి వీసా దరఖాస్తులో ఖర్చు పెట్టువారెవరని వ్రాసితివి? అమ్మాయి దరఖాస్తు నకలు చూచి, నాన్నగారును బ్యాంకి ఋణమును అని చెప్పినది. కళాశాలవారికి పంపినది కూడ నిజమైన ఋణపు కాగితమే. రెండవది: ఆ ఉత్తరము కిటికీలోనికి ఇచ్చితివా? అమ్మాయి వెంటనే, "లేదండీ. ఆ కాగితం చూస్తేనే నాకు భయం వేసేది. ఫైలు అడుగున పెట్టేశాను. ఆఫీసరు రెండు ప్రశ్నలడిగి పాస్‌పోర్టు వెనక్కిచ్చేశారు. ఫైలు తెరవనే లేదు" అన్నది. మూడవది: నిరాకరించినపుడు ఇచ్చిన చీటిమీద ఏ సెక్షను వ్రాసియున్నది? 214(బి) అని యున్నది.

ఆ మాట విని లాయరమ్మ ముఖము తేటపడినది. ఆమె వివరించిన దాని సారాంశ మిది. 214(బి) అనగా చదువు ముగిసిన పిమ్మట స్వదేశమునకు తిరిగి పోవునను నమ్మకము అధికారికి కలుగలేదని అర్థము. అది తాత్కాలిక వీసాలకు సంబంధించినది. నేరము కాదు, శాశ్వతమైన అడ్డంకి కాదు. భార్యగా స్థిరనివాసమునకు పోవునామెకు ఆ ప్రశ్నయే రాదు. కాని 212 సెక్షనులో వేరొక నిబంధన కలదు. వీసా కొరకు ముఖ్యమైన విషయమున తెలిసి తెలిసి అబద్ధము చెప్పినవారు, దొంగ కాగితము చూపినవారు జీవితాంతము అనర్హులు. క్షమాపణ కోరుటకు ఐ-601 అను దరఖాస్తు కలదు గాని, పౌరుడైన భర్తకు తీవ్రమైన కష్టము కలుగునని ఋజువు చేయవలెను. ఇచ్చుట యివ్వకపోవుట అధికారుల చిత్తము. ఆ ఉత్తరము కిటికీ దాటియున్నచో మా కథ వేరుగా నుండెడిది. దాటలేదు గనుక అది ట్రంకుపెట్టెలోని పాపపు కాగితముగానే మిగిలినది. అయితే 2019 నాటి నిరాకరణను దాచి "లేదు" అని వ్రాసినచో, లేని తప్పును క్రొత్తగా మనమే చేసికొన్నట్లగును. "అవును" అని వ్రాసి, అడిగినచో జరిగినది జరిగినట్లు చెప్పవలెను.

మావారు ధైర్యము చేసి, "వీసా తప్పకుండా వస్తుందంటారా అమ్మా?" అని అడిగిరి. "హామీ ఇవ్వలేనండీ. ఇచ్చేవాళ్లను నమ్మకండి" అని ఆమె యనిరి. ఆ ఒక్క మాటతో ఆమెమీద మాకు గురి కుదిరినది.

మరి మూడువేల డాలర్లిచ్చి ఆమెనే పెట్టుకొనవలెనా యని అల్లుడడుగగా, మీకు మిగిలినది వ్రాతపనియే, మీరే చేసికొనవచ్చునని ఆమెయే చెప్పిరి. మావారి గోరును గెలిచినది, వియ్యంకుల గొడ్డలియు గెలిచినది. ఏది ఎచ్చట వాడవలెనో తెలిసినది. 2024 ఆషాఢమున అల్లుడు తానే ఐ-130 పెట్టెను. క్రొత్త పెండ్లికూతురు ఆషాఢమున పుట్టింట నుండుట మన ఆచారము. మా పిల్లకు ఆ ఆషాఢము ఒక్క మాసముతో తీరలేదు.

మా అనుభవమునుండి మాకు తోచిన కొన్ని మాటలు చెప్పెదము. ఇద్దరికిని అదే తొలి వివాహమై, పూర్వము వీసా చిక్కులు గాని, పోలీసు కేసులు గాని లేక, భర్త ఆదాయము చాలినంత యున్నచో, చదువుకొన్న దంపతులు తామే దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఎవరికైనను పూర్వ వివాహముండి విడాకుల కాగితములలో సందేహమున్నను, భార్య యిదివరకు ఆ దేశమున గడువు మీరి యుండినను, ఎక్కడైనను కేసు నడచినను, పూర్వపు దరఖాస్తులో అసత్యము చేరినను, ముందుగా వకీలు నడుగుట తప్పనిసరి. సంశయమున్నచో గంటసేపు సలహాకు పెట్టిన సొమ్ము దండుగ కాదు.

వకీలు నెన్నుకొనుటయందు కూడ మెలకువ కావలెను. ఆ దేశమున ఇమ్మిగ్రేషను విషయమై న్యాయసలహా ఇచ్చుటకు అర్హులు, అచ్చటి ఏదైన యొక రాష్ట్రపు బారులో పేరున్న న్యాయవాదులును, అచ్చటి న్యాయశాఖ గుర్తించిన ప్రతినిధులును మాత్రమే. ఏ రాష్ట్రపు బారులో పేరున్నదో అడిగి, అచ్చటి పట్టికలో చూచుకొనవచ్చును. మన పట్టణములలోని కన్సల్టెన్సీవారు వకీళ్లు కారు. అమెరికాలో నోటరీ పబ్లిక్ అను పలకను చూచి మోసపోవువారును కలరు. నోటరీకి సంతకములు ధ్రువపరచు పనియే గాని సలహా ఇచ్చు అధికారము లేదు. వకీలు మీ పక్షమున పనిచేయునపుడు జి-28 అను ఫారము దాఖలు చేయవలెను. నా పేరు పెట్టవద్దు, పని మాత్రము చేసి పెట్టెదననువానికి దూరముగ నుండుడు. రుసుము ఎంతయో, దేనికో వ్రాతపూర్వకముగ తీసికొనుడు. ఖాళీ ఫారముమీద సంతకము చేయకుడు. మన పేర వ్రాసినది ఎవరు నింపినను జవాబుదారీ మనదే.

ఇంకొక మాట ఆడపిల్లల తల్లులకు ప్రత్యేకముగ. అల్లుడు కుదిర్చిన వకీలు ఎంత మంచివాడైనను, కాగితముల నకళ్లు అన్నియు మన పిల్ల చేతిలో కూడ ఉండవలెను. పెండ్లియై రెండేండ్లు నిండకముందే ఆ దేశమున అడుగుపెట్టిన భార్యకు రెండేండ్ల షరతుతో కూడిన గ్రీన్‌కార్డు ఇత్తురు. గడువు తీరుటకు ముందు తొంబది దినములలో దంపతులు కలిసి ఐ-751 పెట్టి ఆ షరతును తొలగించుకొనవలెను. ఆ లోపుగా కాపురము చెడినను, భార్య ఒంటరిగా మినహాయింపు కోరుటకు దారి కలదు. భర్త హింసించినచో అతని దయపై ఆధారపడకయే భార్య స్వయముగ పిటిషను పెట్టుకొనుటకు 1994 నాటి చట్టము వీలు కల్పించినది. భర్త సంతకము చేసిన పోషణపు పూచీ విడాకులతో రద్దు కాదు. అట్టి పరిస్థితులలో పిల్లకు తన వకీలు తనకు వేరుగ నుండవలెను. భర్త వకీలు చాలడు. ఇవి అవసరము పడగూడదనియే మనమందరము కోరుకొందుము. గొడుగు కూడ వాన రాకూడదనియే కోరుచు పట్టుకొని పోవుదుము గదా.

పిటిషను 2025లో ఆమోదింపబడినది. డి.ఎస్.-260 నింపిన రాత్రి అమ్మాయి మమ్మును మావారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొన్నది. "మీకెప్పుడైనను వీసా నిరాకరింపబడినదా?" అను ప్రశ్న వచ్చినది. అమ్మాయి మావారి ముఖము వైపు చూచెను. "అవునని పెట్టమ్మా" అనిరి వారు. ఐదారేండ్లకు ఆ గొంతులో మరల నిబ్బరము వినబడినది. ముంబాయినుండి పిలుపు ఇంకను రావలసియున్నది. మా పరిచితులలో కొందరు చిలుకూరు బాలాజీకి నూటయెనిమిది ప్రదక్షిణములు మ్రొక్కుకొనుమనిరి, మ్రొక్కుకొంటిమి. ఏమగునో మాకు తెలియదు. వచ్చునని ఆశ.

ఆ దొంగ ఉత్తరమును కాల్చివేయుదమా యని మావారు అడిగిరి. లాయరమ్మ ఏ కాగితమును పారవేయవద్దని చెప్పియుండుటచే, దానిని విడిగా ఒక కవరులో పెట్టి అటకమీదనే యుంచితిమి. అమ్మాయి వెంట పోవలసిన ఫైలు మాత్రము పూజగదిలో, పసుపు కుంకుమల భరిణె ప్రక్కన పెట్టితిమి. అందులో మేనమామ ఉత్తరమొకటి నిజముగానే కలదు. పెండ్లికి కట్నము చదివించుచు మా తమ్ముడు తన చేతితో వ్రాసియిచ్చిన దీవెన. దానిని ఎవరికి చూపినను మాకు భయము లేదు.